శబ్దం లేని పాఠానికి అయిదు స్టార్లు

లెక్కల మేడమ్‌కి పొగడ్తంటే చేదేమీ కాదు. ఆన్‌లైన్ డిగ్రీ విద్యార్థులు ప్రతి పాఠం తర్వాతా నింపే తృప్తి ఫారాలను భోజనాల దగ్గర భర్తకు చదివి వినిపించేది. వాటిలో వాళ్లిచ్చే స్టార్ల సగటును బట్టే ఏటా ఆమె ఉద్యోగం పొడిగిస్తారు కాబట్టి ఆయనా ఓపిగ్గా వినేవాడు.

ఈసారి మాత్రం చదవబోయి ఆగిపోయింది. నిన్నటి రికార్డు పాఠానికి మైకు నొక్కడం మరిచిపోయి, నలభై నిమిషాలు ఉత్తినే గొంతు చించుకుంది. తీరా చూస్తే నలభై మందిలో ముప్ఫై తొమ్మిది మంది అయిదుకు అయిదూ ఇచ్చేశారు. "మీరు చూసి నేర్చుకుంటారా, విని నేర్చుకుంటారా, చేసి నేర్చుకుంటారా?" అన్న ప్రశ్నకు "విని" అని టిక్కు పెట్టిన మహానుభావులే ఇరవై రెండు మంది. ఒకరైతే "మేడమ్ గొంతు ఎంతో స్పష్టంగా ఉంది" అని కూడా రాశారు.

"పాఠం తెరిచి ఉండరు," అన్నాడు సంగతంతా విన్న భర్త.

"ఈ ఒక్క పాఠమేనంటారా?"



ఆ రాత్రే మేడమ్ మూడేళ్ల ఫారాలన్నీ తిరగేసింది. "గొంతు ఎంతో స్పష్టంగా ఉంది" అన్న ముక్క పొల్లుపోకుండా పదకొండు చోట్ల దొరికింది. ఫారం నింపితేనే హాజరు పడుతుందని ఆమెకు తెలుసు. తెలిసీ ఇన్నాళ్లూ మురిసిపోయినందుకు సిగ్గేసింది.

శబ్దం లేని పాఠానికి వచ్చిన నలభయ్యో ఫారంలో మాత్రం ఒకటే స్టారు. "శబ్దం రాలేదు. బోర్డు చూసి రెండు లెక్కలు చేశాను. మూడోది సగంలో ఆగింది. మళ్లీ చెబుతారా?" గిట్టనివాళ్లెవరో రాశారని మొదట దీన్నీ అనుమానించింది. రికార్డింగు తెరిచి చూస్తే, నిజమే, మూడో లెక్క సగం బోర్డు మీద రాసి మిగతాది నోటితో చెప్పేసింది.

మర్నాడు కోర్సు కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. "సగటు బ్రహ్మాండం మేడమ్. ఆ ఒక్క స్టారూ ఎవరో పొరపాటున నొక్కినట్టున్నారు, తీసేస్తాను. మీ పొడిగింపు మీద ఇవాళే సంతకమైపోతుంది."

ఊ అంటే మేడమ్ ఉద్యోగం మరో ఏడాది ఖాయం. అయినా ఆ ఒక్క ఫారం మళ్లీ తెరిచి చూసుకుంది.

"అది ఉంచండి సార్. మిగతా ముప్ఫై తొమ్మిదీ తీసేయండి."

"అప్పుడు సగటు ఒకటే వస్తుంది మేడమ్."

"పాఠం చూసింది ఒక్కరే కదా సార్."