ఎక్కువేసిన గాజు

చెంచాతో పోసిన జావలో సగం లోపలికి పోతే సగం దవడ మీదికి కారుతోంది. దత్తయ్య ఒక చేత్తో తువ్వాలు పట్టుకొని తుడుస్తూనే, మోకాలి మీద అట్టకు పెట్టుకున్న కాగితం పైకి చదువుతున్నాడు.

"ముత్తవ్వ మంచంల ఉన్నది. ఇగ బతకదని తెలిసింది. పెద్దకోడలొచ్చి కాళ్లకాడ కూసున్నది. ముత్తవ్వ ఏమంటది, అక్కా?"

వసంతమ్మకు పక్షవాతమొచ్చి నెలయింది. కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట కూడా దాంతోపాటే పోయింది. కండ పట్టిన పెద్ద చెయ్యి, గాజుపెంకులు కోసి కోసి గట్టిపడిన బొటనవేలు, అన్నీ అట్లాగే ఉన్నాయి. నోరే లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. సిరొంచ బజారులో ఆమె గాజుల దుకాణానికి ఊరంతా వచ్చేది ఆ నోటికోసమే.

దత్తయ్య కాగితం కింద పెట్టాడు. ఎండుకట్టె లాంటి మనిషి. వంగిన మెడ, ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు. మధ్యాహ్నంలోగా హైదరాబాదుకు ఫోను చేసి ముత్తవ్వను చంపాలి. చివరిమాట ఒకటి దొరికితే చాలు, చంపేస్తాడు. దొరకకపోతే అక్కడెవడో చంపుతాడు, అడ్డమైన మాటలన్నీ ఆమె నోట్లో కుక్కి మరీ చంపుతాడు. ఏం పాడు పని నాయనా ఇది!

నాటకాలు రాసుకునేవాడు టీవీకి రాయడానికి పోతే మొదట్లో వాళ్లిచ్చినవి దొంగల, పనిమనుషుల పాత్రలు. మీ భాష వాళ్లకే బాగుంటుందండీ అన్నారు. దత్తయ్య కడుపు మండిపోయింది. తన సొంత సీరియల్ చేతికొచ్చిన రోజున ఇంటి పెద్దనే సిరొంచ మాట మాట్లాడించాడు. ఆ పెద్దే ముత్తవ్వ. సీరియల్ ఎవరూ చూడరు, వింటారు అనేవాడు తోటి రచయితలతో. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఆడమనిషి టీవీ దిక్కు తిరగదు, చెవి మాత్రం ఇటేస్తుంది. ఆ చెవిలో పడే మాట రాయాలి, మిగతాదంతా లైట్లూ చీరలే అనేవాడు.

ఆ మాట ఎక్కడిదో తోటివాళ్లకు తెలియదు. రోజూ పొద్దున హైదరాబాదు నుంచి, అక్క దుకాణానికి ఎదురుగా ఉన్న దుర్గయ్య ఎస్టీడీ బూతుకు ఫోను కొట్టేవాడు. సీను చదివేవాడు. "గిట్లెవలు మాట్లాడుతరుర, నీ మొకం!" అని వసంతమ్మ తన తీరున తిరిగి చెప్పేది. అది రాసుకునేవాడు. ఆమె పడిపోయిందని తెలిసి పరుగెత్తుకొచ్చాక ఈ నెలంతా తనే రాశాడు. వారం తిరక్కుండానే, అవింకా టీవీలో రాకముందే, చానల్ వాళ్లు ముత్తవ్వ చప్పబడిందన్నారు. రెండోవారం, చంపేద్దామన్నారు. వాళ్లను తప్పుపట్టి లాభమేముంది? చప్పగా రాసింది తనే.

"ఒక్క మాట అక్కా. నోటితోని కాకుంటె సైగన్న చెయ్యి. పోయేటప్పుడు ముత్తవ్వ ఏం జేస్తది?"

వసంతమ్మ చాలాసేపు అతని మొహంలోకే చూసింది. తర్వాత ఎడమచెయ్యి మెల్లగా లేపి, మంచం తలాపున వేలాడుతున్న గాజులు గుచ్చిన మలారంలోంచి ఒక పచ్చగాజు లాగింది. ఒడిలో పెట్టుకొని, తమ్ముడి కుడిచెయ్యి పట్టుకుంది. వేళ్లు దగ్గరికి చేర్చి, కణుపులు లోపలికి నొక్కి, గాజు ఎక్కించడం మొదలుపెట్టింది. అమ్మో అన్నాడు దత్తయ్య. ఒక్కచేత్తోనే అటు నొక్కి ఇటు జరిపి, చెమటలు కక్కుతూ మణికట్టు దాకా దించేసింది.

జావగిన్నె తీసుకుపోవడానికొచ్చిన పక్కింటి మల్లక్క పకపకా నవ్వింది. "మొగోనికి గాజులేసినవేందక్కా!"

దత్తయ్య నవ్వలేదు. డజను వేసినా, రెండు డజన్లు వేసినా, ఆఖర్న ఒక గాజు ఉత్తగా ఎక్కువేసి పంపడం వసంతమ్మ ఆనవాయితీ. "మల్ల రావాలె బిడ్డా, గందుకు" అనేది. ముత్తవ్వ చివరిమాట దొరికింది! మాటే కాదు, అంతకంటే మంచిది. కోడలి చేతికి ఒక గాజు ఎక్కువేసి కళ్లు మూస్తుంది. చొక్కా చెయ్యి గాజు మీదికి లాక్కొని దుర్గయ్య బూతుకు పరుగెత్తాడు.

వానకు లైను గరగరమంటోంది. అవతల చానల్ అమ్మాయి సుష్మిత. సీనంతా వింది.

"డైలాగ్ చెప్పండి దత్తయ్య గారూ."

"డైలాగ్ లేదమ్మా. గాజే."

"సార్, ఆవిడ పోతోంది. కొడుకులకి అప్పగింతలు పెట్టాలి, కోడల్ని క్షమించాలి. మాటల్లేకపోతే జనం చానల్ మార్చేస్తారు."

"మారుస్తరు కావొచ్చు. ఇదొక్కటి ఉంచున్రి. దండం పెడ్త."

"అది..." సుష్మిత గొంతు తగ్గించింది. "మీకు చెప్పమన్నారు సార్. రేపట్నించి వేరే ఆయన రాస్తారు. మరణం సీను ఆయన రాసేశారు కూడా. సారీ సార్."

"నన్ను తీసేయున్రి, ఏం బాధ లేదు. గాజు ఉంచున్రి తల్లీ! వింటున్నవా? గాజు..."

లైను తెగిపోయింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ తిప్పాడు. దుర్గయ్య వచ్చి మెల్లగా ఫోను చేతిలోంచి తీసుకున్నాడు. "వానకు లైను పోయిందన్నా. ఇగ రాదు."

ఇంటికి పోవడానికి మొహం చెల్లలేదు. ప్రాణహిత ఒడ్డున, వరదకు ఆగిపోయిన పడవల దగ్గర పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. అక్కకేం చెప్పాలి? నీ మాటనూ, నీ గాజునూ రెండింటినీ పారేశారని చెప్పాలా?

సీరియల్ టైముకు ఇల్లు చేరాడు. రోజూలాగే వాడకట్టు ఆడవాళ్లు చేరారు. వసంతమ్మను దిండ్లకు ఆనించి టీవీకి ఎదురుగా కూర్చోబెట్టారు. ఇవాళ్టిది నెల కిందట, ఆమె పడిపోవడానికి ముందురోజు ఫోనులో చెప్పిన సీను. ఆమె మాటలున్నవాటిలో ఇదే ఆఖరిది. ఆ సంగతి దత్తయ్యకు ఒక్కడికే తెలుసు. వాకిలి దగ్గరే నిలబడిపోయాడు.

టీవీలో ముత్తవ్వ కోడలి మీద లేచింది. "ఉప్పు తక్కువైతె ఏసుకుంటం, ఎక్కువైతె ఏంజేస్తమే? మాట గూడ గంతే!"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. "నీ మాటే గదా అక్కా!" అంటూ మల్లక్క వెనక్కి తిరిగింది. వసంతమ్మ చూపు టీవీ మీదే ఉంది. పెదవి చివర తుడుద్దామని కొంగు పెట్టిన మల్లక్క చెయ్యి అక్కడే ఆగింది.

"తమ్మీ," అంది మల్లక్క మెల్లగా. "జర ఇటు రా."

అక్క చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. టీవీ కట్టేయాలని ఎవరికీ తోచలేదు. ముత్తవ్వ ఇంకాసేపు తిట్టింది, నవ్వింది, కోడలికి అన్నం కలిపి పెట్టింది. పేర్లు పడ్డాయి. దత్తయ్య అప్పుడు ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా, అక్కా అక్కా అంటూ. పొద్దున తను ముత్తవ్వ గురించి అడిగాడు. అక్క తను పోయే సంగతి చెప్పింది. సీను దొరికిందని సంబరపడి పరుగెత్తాడు, మూర్ఖుడు!

తెల్లవారి అక్క స్నానానికి నీళ్లు కాగుతుంటే మల్లక్క అతని చెయ్యి చూసింది. "గది తీసెయ్యి తమ్మీ, కొరివి పట్టాలె." దత్తయ్య లాగాడు. కణుపుల దగ్గర ఆగింది. వేళ్లు దగ్గరికి చేర్చి, అక్కలాగే నొక్కి చూశాడు. రాలేదు.

"రాయితోని కొడ్తె పోతది," అంది మల్లక్క.

దత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బక్కచిక్కిన మణికట్టు మీద ఆ పచ్చగాజు ఒక్కటే కిందికీ పైకీ జారుతూ ఉంది.