తాతబాబు దాచిపెట్టిన కాగితాలు

ఆరేళ్లుగా గౌరీశ్వరి చేసే పని ఒక్కటే. హార్బరు దగ్గర ఓడల సరుకు దింపించే కంపెనీలో, ప్రోగ్రామర్లు రాసిచ్చిన ఇంగ్లీషు ముక్కల్ని కంప్యూటరు కోసం అట్టకార్డుల మీద పంచ్ చెయ్యడం. ఆమె వేళ్ల వేగం ఆఫీసులో ఇంకెవరికీ లేదు. కానీ ఆ అక్షరాలన్నీ వేళ్లలోంచి కార్డుల్లోకి జారిపోయేవే తప్ప ఒక్కటీ బుర్రలో నిలిచేది కాదు.

1984 వానాకాలంలో నోటీసు అంటించారు. కార్డుల మిషన్లు తీసేస్తున్నారు. పంచ్ ఆపరేటర్లలో కోబాల్ అనే కంప్యూటరు భాషలో పరీక్ష ప్యాసైనవాళ్లు ప్రోగ్రామింగ్ సెక్షన్‌కి వెళ్తారు, మిగతావాళ్లు డిస్పాచ్‌కి. గడువు ఐదు వారాలు.

"నీకేటి పోయింది? డిస్పాచ్‌లో అయితే కుర్సీలో కూకుని కవర్లు అంటించుకోవచ్చు గదా," అన్నాడు భర్త శ్రీరామ్మూర్తి.

"ఆరేళ్ల నుంచి నాను కొడతన్నదానికి అర్థం ఏటో నాకే తెలీదు. తెలుసుకోవాలనుంది," అంది గౌరీశ్వరి.

మర్నాడే సీనియర్ ప్రోగ్రామర్ సన్యాసిరాజు దగ్గరికి వెళ్లి పుస్తకం అడిగింది. ఆయన మంచివాడే. బీరువా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఉన్నది ఒక్కటేనమ్మా. గది దాటించకూడదని ఆర్డరు. పగలంతా మాకే కావాలి."

లైబ్రరీలో రేడియో రిపేరు పుస్తకం చూపించారు. పుస్తకాల షాపులో మద్రాసు నుంచి తెప్పించడానికి ఆరు వారాలు పడుతుందన్నారు. యూనివర్సిటీకి వెళితే స్టూడెంట్లకు తప్ప ఇవ్వరన్నారు. ద్వారకానగర్‌లో క్లాసులు చెప్పేచోటు ఒకటి ఉంది గానీ, క్లాసు ఉదయం పదింటికి. ఆ వేళకి ఆమె పంచ్ మిషను ముందు ఉండాలి. సెలవు అడిగితే సూపర్‌వైజరు తలెత్తకుండానే, మిషన్లు పోయేలోగా పాత పనంతా పూర్తి కావాలన్నాడు.

అలా రెండు వారాలు గడిచిపోయాయి. ఒక మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తెరవకుండా కూర్చోవడం అటెండరు తాతబాబు చూశాడు. ఆఫీసులో చిత్తు కాగితాలు పోగుచేసి కట్టలు కట్టడం ఆయన పని.

"ఏటమ్మా, తినకుండా కూకున్నావ్?"

"కోబాల్ పుస్తకం దొరకనేదు బాబాయ్."

తాతబాబు వెళ్లి ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. కంప్యూటరు మిషను అచ్చుకొట్టి పంపిన పొడుగాటి కాగితాలు. "మన పోగ్రామర్లు రాసినవే. రోజూ ఇన్నేసి పారేత్తారు. ఇకమీదట నీకోసం దాస్తాను."

గౌరీశ్వరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. గాజువాక బస్సులో కిటికీ పక్కన కూర్చుని చదివేది. ఇంట్లో అన్నం ఉడికేలోగా నోట్‌బుక్కులో ఎక్కించుకునేది. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే కొద్దీ ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో తెలియసాగింది. కొన్ని వాక్యాల చివర చుక్క ఉండేది, కొన్నిటికి ఉండేది కాదు. అది రాసేవాళ్ల ఇష్టం కాబోలనుకుంది. ఒకే పేరు ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా కనిపించేది. అలా కూడా రాయొచ్చన్నమాట అనుకుని, దాన్ని కూడా ఎక్కించుకుంది. మూడు వారాల్లో రెండు నోట్‌బుక్కులు నిండాయి.

పరీక్ష పెట్టడానికి హెడ్డాఫీసు నుంచి అచ్యుతరామయ్య అనే పెద్దాయన వచ్చాడు. గౌరీశ్వరి అందరికంటే ముందు రాసి ఇచ్చేసింది. ఆయన అక్కడే చదవడం మొదలుపెట్టి, రెండో పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఏ పుస్తకం చదివావమ్మా?"

"పుస్తకం దొరకలేదండి. మన ఆఫీసు ప్రోగ్రాములే చూసి నేర్చుకున్నాను." సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చింది.

ఆయన కొన్ని తిరగేసి సన్యాసిరాజుని పిలిచాడు. సన్యాసిరాజు కాగితాలు చూసి, గౌరీశ్వరిని చూసి, నేల చూపులు చూశాడు.

"ఇవి మిషను వద్దని తిప్పికొట్టినవి సార్. తప్పులు దిద్దుకున్నాక ఈ కాపీలు పారేస్తాం. సరిగ్గా నడిచినవి బైండు చేసి బీరువాలో పెడతాం."

 గౌరీశ్వరి ఆ కాగితాలన్నీ మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"ఇంకొక్కసారి రాయనివ్వండి సార్. ఒక్క నెల టైమివ్వండి," అంది.

"చూసిందల్లా బుర్రకెక్కించుకున్నావమ్మా. మంచి కాగితాలు చూసి ఉంటే నిన్ను నేనే తీసుకునేవాణ్ణి," అన్నాడాయన. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. "కానీ ప్యాసైనవాళ్ల పేర్లు ఇవాళే పంపాలి. నా చేతుల్లో ఏమీ లేదు."

వారం తిరక్కుండా పంచ్ మిషన్లని లారీకెక్కించారు. గౌరీశ్వరికి డిస్పాచ్‌లో గోడ పక్కన బల్ల ఇచ్చారు. మొదటిరోజే తాతబాబు వచ్చి నిలబడ్డాడు.

"పేసవనేదంట గదమ్మా. నానిచ్చిన కాయితాలు పనికిరానేదేటి?"

ఆయన మొహం చూస్తే అసలు సంగతి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"పనికొచ్చాయి బాబాయ్. నాకే పట్టుబడనేదు."

"మల్లీ పరీచ్చ ఎప్పుడెట్టినా ముందే సెప్పు. ఈపాలి ఒక్క కాయితం పోనివ్వను, అన్నీ నీకే దాస్తాను."

గౌరీశ్వరి సరేనని తల ఊపి, జిగురు సీసా దగ్గరికి లాక్కుంది.