ఎండ కాపలా

నిచ్చెన మూడో మెట్టు మీద హాల్డార్ ఎడమ మోకాలు ఎప్పటిలాగే టక్కుమంది. కాసేపాగి ఊపిరి పీల్చుకుని, బడి కప్పు మీదికెక్కాడు. అక్కడ ఇనుప గిన్నెలో బత్తాయంత గాజుగుండు ఉంది. దాని మీద పేరుకున్న మంచును గుడ్డతో తుడిచాడు. ఎండ కాస్తే ఆ గుండు వెనకనున్న అట్ట మీద సన్నటి కాలిన గీత పడుతుంది. గీత ఎంత పొడవుంటే ఆ రోజు ఎండ అంతసేపు కాసినట్టు.

హాల్డార్ ఆ బడిలోనే నేలలు ఊడ్చే మనిషి. పొద్దుగుంకాక అట్ట మార్చే పని వాతావరణశాఖ వాళ్ళు ముప్పై ఏళ్ళ కిందట అప్పజెప్పారు. వేసవికి పొడుగు అట్ట, చలికాలానికి పొట్టి అట్ట. చలికాలం నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది గనక, మరిచిపోకుండా నాలుగుంపావుకి వంటింటి గడియారంలో అలారం పెట్టుకునేవాడు. నవంబరులో సరస్సు మీది మబ్బు ఊరి నెత్తినెక్కి కూర్చుంటే, వారాల తరబడి అట్టలు తెల్లగానే దిగేవి. అయినా మార్చాల్సిందే. ఎండ లేదని రాయడానికీ ఒక మనిషి ఉండాలి కదా.

ఇకమీదట ఆ లెక్క అక్కర్లేదని ఉత్తరం వచ్చింది. ఇవాళ, నవంబరు ముప్పై, ఆఖరి రోజు.

మధ్యాహ్నం కాఫీ హోటలు థోరా ఆయన ముందు కేకు ముక్క పెట్టింది.

“నా తరఫున తిను. పాపం, ముప్పై ఏళ్ళు! గుండె చెరువైపోయుంటుంది.”

హాల్డార్ తల దించుకుని తిన్నాడు. గుండె చెరువేమీ కాలేదు. ఉత్తరం చదవగానే మెడ మీంచి కాడి దించినట్టయింది. ఆ మాట ఎవరితో అనగలడు? భార్య లౌగాతో అసలే అనలేడు. ఆ గాజుగుండును ఆవిడ ‘నా సవతి’ అనేది, మొదట్లో నవ్వుతూ. తన తండ్రి పోయినప్పుడు, అట్ట మార్చాలని ఆయన ఆగిపోతే, ఐదు వందల మైళ్ళు ఒంటరిగా వెళ్ళొచ్చాక, నవ్వకుండా. ఆ రోజు అట్ట మీద సూదిమొనంత మచ్చయినా పడలేదు. ఇప్పుడు హాయిగా ఉందంటే, మరి అప్పుడెందుకు రాలేదని అడగదా?

సాయంత్రం మబ్బు అంచు కింద ఎర్రటి ఎండ జారింది. హాల్డార్ కప్పు మీదుండగా కింద లౌగా నిలబడి ఉంది. ఆవిడ అంతకుముందెప్పుడూ అక్కడికి రాలేదు.

“ఎండొచ్చిందిగా, గీత పడిందా?”

“పొద్దు ఇంత కిందికి దిగాక దానికి కాల్చే సత్తువుండదు.”

సున్నా రాసి, దిగాడు.

“ఏడుస్తున్నావా?”

“లేదు లౌగా. హాయిగా ఉంది. ఉత్తరం వచ్చినప్పట్నించీ హాయిగానే ఉంది. మీ నాన్న పోయినప్పుడు రావాల్సింది. నన్నెవరూ కట్టెయ్యలేదు. ఇది వదిలి కదలాలంటే నాకే భయం.”

లౌగా దగ్గరికొచ్చింది.

“ఈ మాట అప్పుడే చెప్పుంటే చెంప పగలగొట్టేదాన్ని,” అని, ఆయన మెడకున్న ఉన్నిగుడ్డ బిగించి చుట్టింది. “ఇప్పుడంత ఓపిక లేదు. పద, సర్దుకోవాలి. రేపు పొద్దుటి రైలుకి రెండు టికెట్లు కొన్నా, పడమటి సముద్రానికి. నువ్వు రానంటే ఒకటి చింపేద్దామనుకున్నా, ముసలోడా.”

మర్నాడు రైలు మైదానంలో పడేసరికి మబ్బు విడిపోయింది. మంచు మీంచి ఎగసిన ఎండ కిటికీ నిండా కాసింది. ఎంతసేపు కాసిందో హాల్డార్ చూసుకోలేదు. మొహం దానికప్పగించి కళ్ళు మూసుకున్నాడు. ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డాడు.

“వంటింట్లో అలారం తియ్యలేదు! మోగుతుంది.”

“మోగనీ,” అంది లౌగా, ఆయన భుజం మీద తల వాలుస్తూ.

నాలుగుంపావుకి, ఎవరూ లేని వంటింట్లో, కిటికీ గట్టు మీద ఆ పాత గడియారం మోగి మోగి, కీ అయిపోయాక ఊరుకుంది.