నాలుగో చప్పుడు

మా ఫ్యాక్టరీ యజమాని ముస్యూ కాంబ్రియాక్ షెడ్డులోకి వచ్చేటప్పుడు చేతికర్రతో గుమ్మం పక్క ఇనుప స్తంభాన్ని మూడుసార్లు కొట్టేవాడు. మూడో చప్పుడుకల్లా డెబ్బైమంది ఆడవాళ్ళం తోళ్ళమీంచి చేతులు తీసేసి నిటారుగా నిలబడాలి. వాళ్ళ నాన్న కాలం నుంచీ అదే పద్ధతి. దొరగారికి తోలు కనబడాలి, మా చేతులు అడ్డుండకూడదు. పద్నాలుగో ఏట నేను లావెర్న్ తోళ్ళ ఫ్యాక్టరీలో చేరినప్పుడు మొదటిరోజు నాకు నేర్పింది కత్తి పట్టుకోవడం కాదు, కత్తి కిందపెట్టి చేతులు తీయడం.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఓదీల్‌ని చంపింది ఇదే. మీలో కొత్తగా పనిలో చేరినవాళ్ళున్నారు, చదువుకుంటున్నవాళ్ళున్నారు. ఆటల కథ చెబుతుందట ఈ నోయెలీ ముసలమ్మ అని వచ్చి కూర్చున్నారు. వినండి మరి.

మార్చి నెల, శుక్రవారం. మూడు చప్పుళ్ళూ అయ్యాయి, మేం నిలబడ్డాం. కాంబ్రియాక్ తిన్నగా ఓదీల్ దగ్గరకు వెళ్ళాడు. ఓదీల్‌కి ముప్పై ఆరేళ్ళు. తొట్లలోంచి తీసిన తడి తోళ్ళు భుజాన వేసుకుని బల్లల దగ్గరకు మోసే పని ఆమెది. మా రగ్బీ టీములో ముందు వరస మనిషి.

"ఇటు తిరుగు," అన్నాడు. కర్ర కొనతో ఆమె చొక్కా కాలరు పక్కకు జరిపాడు. మెడ మీద ముందు ఆదివారం ఆటలో కమిలిన మచ్చ ఉంది. "చూడండర్రా. ఇది ఆడదాని మెడా, ఎద్దు మెడా?"

ఫోర్‌మన్ నవ్వాడు. మాలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. భయంతో నవ్వారని ఇప్పుడు చెబుతాను గానీ, ఆ క్షణంలో మాత్రం వాళ్ళ జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది.

"గ్రౌండు నాది. అక్కడ గడ్డి వేయించింది మగవాళ్ళ ఆటకి. ఇకనుంచి మీకు తాళమే."

"ముస్యూ, ఎల్లుండి మాకు మ్యాచ్ ఉంది," అంది ఓదీల్. చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. "బయటి ఊరునుంచి టీము బయల్దేరుతోంది."

"వస్తే వండి పెట్టండి. అదన్నా చేతనవునా?"

మా లీగ్ సంగతి చెప్పకపోతే ఈ తాళం ఎంత పెద్దదో మీకు తెలియదు. మగవాళ్ళ రగ్బీ పెద్దలు మమ్మల్ని గుర్తించలేదు, గుర్తించమని ఎన్నిసార్లు రాసినా జవాబివ్వలేదు. అందుకని దేశంలో ఆ మూలా ఈ మూలా ఉన్న పదకొండు ఊళ్ళ ఆడవాళ్ళం మా లీగ్ మేమే పెట్టుకున్నాం. తోళ్ళవాళ్ళం, బిస్కట్లవాళ్ళు, చేపల డబ్బాలు నింపేవాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, కాలేజీ పిల్లలు. రిటైరైన బడిపంతులు ఆంబ్రువాజ్ మాస్టారు మా రిఫరీ. మోటారుసైకిల్ మీద వచ్చేవాడు. నియమాలు ఆయన చెబితే మేం రాసుకున్నాం. సొంత ఊళ్ళో రెండు మ్యాచ్‌లు జరిపించలేకపోయిన టీము లీగ్‌లో ఉండదు. ఆరు టీములకంటే తగ్గితే లీగే ఉండదు. ఆటలాడుకునే పిల్లలం కాదని నలుగురికీ తెలియాలని, పొగరుకొద్దీ అంత గట్టిగా రాసుకున్నాం.

ఆ నియమం దొరలకి దొరికిపోయింది. మమ్మల్ని కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు, గేటుకి తాళం వేస్తే చాలు. పదకొండు టీములు తొమ్మిదయ్యాయి. తొమ్మిది ఆరయ్యాయి. జనవరిలో గ్రౌండు గడ్డకట్టిందని చెప్పి మాకూ ఒక మ్యాచ్ పోగొట్టారు. రెండోది ఈ ఆదివారం పోతే మేం పోతాం, మాతోపాటు లీగంతా పోతుంది.

ఆదివారం బిస్కట్లవాళ్ళు నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చి దిగారు. వాళ్ళ కెప్టెన్ గిస్లేన్, నోరున్న మనిషి. గేటు దగ్గర నిలబడి తాళం పట్టుకుని ఊపింది.

"ఈ తాళం చూపించడానికా మమ్మల్ని పిలిచింది?"

"ఏటి ఒడ్డున గొర్రెలు మేపే బీడుంది," అంది ఓదీల్. "రాళ్ళున్నాయి. ఆడతారా?"

"మా ఊళ్ళో మాకు చెత్త పారబోసే చోటిచ్చారు. రాళ్ళే నయం. పదవే."

డాక్టరు రాలేదు. ఆడవాళ్ళ రగ్బీకి డాక్టర్లు సాయం పోకూడదని జిల్లా ఆఫీసునుంచి కాగితం వచ్చిందట. మాస్టారు ఆట మొదలుపెట్టేముందు మమ్మల్ని చుట్టూ నిలబెట్టి చెప్పాడు. "స్క్రమ్‌లో ఒకరినొకరు పట్టుకున్న చెయ్యి నా విజిల్ మోగేదాకా వదలొద్దు. ఏం జరిగినా వదలొద్దు. మెడలు నిలబడేది చేతులవల్లే."

స్క్రమ్ అంటే చూడనివాళ్ళకు చెబుతాను. ఎనిమిదిమంది మూడు వరసల్లో వంగి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని, ఎదుటి ఎనిమిదిమందిని తలల పక్కన తలలు దూర్చి నెట్టాలి. ముందు వరసలో మధ్య మనిషిని నేను. నా ఎడమ చెయ్యి ఓదీల్ వీపు మీదనుంచి వెళ్ళి ఆమె చొక్కాని పిడికిట్లో బిగించాలి. వెనకనుంచి వచ్చే బరువంతా ఆమె మెడకు చేరకుండా ఆపేది ఆ పిడికిలే.

యాభై రెండో నిమిషం. స్క్రమ్‌లో ఉన్నాం. బీడు గట్టున కారు ఆగిన చప్పుడైంది. తర్వాత ఇనుప కంచె స్తంభం మీద కర్ర. ఒకటి, రెండు, మూడు.

నా చెయ్యి లేచింది.

నేను ఎత్తలేదు. అదే లేచింది. పదహారేళ్ళుగా ఆ చప్పుడుకి లేచిన చెయ్యి అది. స్క్రమ్ కుప్పకూలింది. మట్టిలో మొహం ఆనించి ఉన్న నాకు పక్కన ఎండుపుల్ల విరిగినంత చిన్న చప్పుడు వినిపించింది.

గట్టుమీంచి కాంబ్రియాక్ అన్నాడు: "ఈ బీడు కూడా నాదే. లేవండి."

ఓదీల్ లేవలేదు. తోళ్ళు ఆరబెట్టే చెక్క మీద ఆమెను పడుకోబెట్టి రెండు టీములవాళ్ళమూ మోసుకుని డాక్టరింటికి వెళ్ళాం. తలుపు కొంచెం తెరిచాడు. మెడలో రుమాలు అలాగే ఉంది, లోపలినుంచి మాంసం కూర వాసన వస్తోంది. "నాకు ఆర్డర్లున్నాయి," అన్నాడు. "పైగా భోజనం మధ్యలో ఉన్నాను." గిస్లేన్ తలుపు సందులో కాలు పెట్టింది. ఆయన ఆ కాలిమీదే తలుపు నొక్కాడు. చివరికి బిస్కట్లవాళ్ళ బస్సులోనే ఓదీల్‌ని నలభై కిలోమీటర్ల దూరం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మలుపు వచ్చినప్పుడల్లా ఆమె తల కదలకుండా గిస్లేన్ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

నాలుగు రోజులు బతికింది. మెడ కింద ఏదీ కదల్లేదు. మూడోరోజు నన్ను దగ్గరకు రమ్మంది.

"వదిలింది నువ్వే కదూ?"

"నేనే."

"కర్ర చప్పుడుకా?"

నేను తల ఊపాను. నన్ను తిడుతుందని చూశాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నా చెయ్యి కూడా లేచిందే," అంది ఓదీల్. "నా మెడ మీద కూర్చున్నవాడు పిలిస్తే నా చెయ్యే లేచింది. అదే కడుపు మండిపోతోంది. అందర్నీ అడుగు, ఎంతమందివి లేచాయో. అడక్కుండా ఊరుకోకు."

గురువారం పోయింది. అదేరోజు ఫ్యాక్టరీనుంచి ఒక పొట్లం ఆమె ఇంటికొచ్చింది. ఓదీల్ ఏప్రనూ కత్తీ పాత పేపర్లో చుట్టి పంపారు. లాకరు కొత్త మనిషికి కావాలట. షెడ్డు గోడకు నోటీసు అంటించారు. ఆడదాని ఒంటికి ఆ ఆట పనికిరాదని జరిగిన ప్రమాదమే చెబుతోందని, ఇకమీదట గ్రౌండులో కాలుపెట్టినవాళ్ళకు షెడ్డులో చోటుండదని రాశారు.

శనివారం ఆమెను మట్టిచేసి అందరం తిన్నగా భోజనాల హాల్లో కూడాం. బిస్కట్లవాళ్ళు కూడా వచ్చి గోడవారగా నిలబడ్డారు. మాస్టారు ముందు మాట్లాడాడు.

"మ్యాచ్ మధ్యలో ఆగింది. రేపు మిగిలిన ఇరవై ఎనిమిది నిమిషాలు ఆడితే ఆడినట్టు. లేకపోతే లేనట్టే. ఏం చెయ్యమంటారో మీ ఇష్టం."

యూనియన్ నాయకుడు గాస్తోన్ లేచాడు. సున్నపు తొట్ల దగ్గర పనిచేసే మగవాళ్ళకు ఆయన మాటంటే మాటే. "ఓదీల్ పోయినందుకు అందరికీ బాధే. కానీ ఇది కూలి సమస్య కాదు, పని గంటల సమస్య కాదు. బంతాట. దీనికోసం యూనియన్ కదలదు. మీరు కూడా ఇంటికెళ్ళి పిల్లల్ని చూసుకోండి."

"మీ మగాళ్ళ మ్యాచ్‌కి దొర బస్సు పంపితే ఎక్కుతావుగా, అది బంతాట కాదా?" అంది వెనకనుంచి ఎవరో.

"అది వేరు."

"ఏం వేరు? మీసమా?"

హాలంతా గోలైంది. నేను బల్ల ఎక్కాను. ఓదీల్ అడగమన్నది అడిగాను.

"స్క్రమ్ పడింది నా వల్ల. కర్ర చప్పుడు విని నా చెయ్యి వదిలేశాను. ఓదీల్ తనదీ లేచిందని చెప్పింది. ఇంకెవరివి లేచాయి? ఆ రోజు స్క్రమ్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి."

రెండో వరసలో ఆడే పిల్ల ఏడుస్తూ చెయ్యెత్తింది. దాని వెనక ఇంకొకతె. ఇంకొకతె. నాతో, చచ్చిపోయిన ఓదీల్‌తో కలిపి ఎనిమిదిలో ఆరు చేతులు.

ఓదీల్ భర్త ఫిర్మిన్ అప్పటిదాకా మూల కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని శాపనార్థాలు పెడతాడనుకున్నాం. లేచి గాస్తోన్ ఎదురుగా నిలబడ్డాడు. అతని చేతులు సున్నానికి కాలి తెల్లగా పగిలి ఉంటాయి.

"తొట్ల దగ్గరికి వాడొచ్చి స్తంభాన్ని కొడితే నువ్వేం చేస్తావు గాస్తోన్? చేతులు తీస్తావు. నేనూ తీస్తాను. మరి ఇది ఎవరి సమస్యరా?"

గాస్తోన్ కూర్చున్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోతే ఫిర్మిన్ ఆపేశాడు.

మర్నాడు పదకొండు గంటలకు గ్రౌండు గేటు ముందు ఊరు ఊరంతా ఉంది. లోపల పన్నెండుమంది పోలీసులు, వాళ్ళ వెనక కాంబ్రియాక్. గేటు ఇనుముది, స్తంభాలు మాత్రం వాళ్ళ తాతలనాటి ఇటుకవి. మాస్టారు గేటుని ఒకసారి చూసి, మా వైపు తిరిగి, ఆటలో ఎలా చెబుతాడో అలాగే చెప్పాడు.

"వంగండి. పట్టుకోండి."

ముందు మా ఎనిమిదిమందిమి వంగాం. ఓదీల్ చోట షెడ్డులో కత్తిరింపు బల్ల దగ్గర పనిచేసే పద్దెనిమిదేళ్ళ పిల్ల నిలబడింది. మా వెనక గిస్లేన్ తన ఎనిమిదిమందిని దింపింది. అలా వారం కిందట మాతో కుమ్ములాడినవాళ్ళ భుజాలు ఈసారి మా వెనక ఆనాయి. పోలీసులు పక్క తలుపునుంచి బయటికొచ్చి వెనక వరసవాళ్ళ వీపుల మీద లాఠీలు మొదలుపెట్టారు. ఒక్కో దెబ్బా మా దాకా వచ్చేది. గిస్లేన్ నోటికొచ్చిన బూతు తిడుతూనే నెట్టింది.

అప్పుడు కర్ర మోగింది. గేటు ఇనుముకే కొట్టాడు, నా చెవి పక్కన.

ఒకటి.

నిజం చెబుతాను, నా చెయ్యి ఉలిక్కిపడింది. ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల తన చేత్తో నా పిడికిలిని పట్టుకుంది.

రెండు. "బిగించండే," అన్నాను.

మూడు. పదహారుమంది ఊపిరి ఒక్కసారి వదిలారు. ఇటుకల్లోంచి గేటు కీలు ఊడింది. ఇనుము లోపలివైపు పడింది, దానిమీంచి తొక్కుకుంటూ వెళ్ళాం.

ఫిర్మిన్, తొట్లవాళ్ళు, వాళ్ళతోపాటు గాస్తోన్ కూడా చేతులు చేతులు పట్టుకుని గ్రౌండు చుట్టూ నిలబడ్డారు. పన్నెండుమంది పోలీసులు ఆ గొలుసు తెంచలేక ఇంకా మందిని పంపమని కబురు పెట్టారు. వాళ్ళొచ్చేలోగా మాస్టారు గడియారం చూసుకుని అన్నాడు: "యాభై రెండో నిమిషం. స్క్రమ్." ఇరవై ఎనిమిది నిమిషాలూ ఆడాం. ఓడిపోయాం. వీపులు చిట్లిన ఆడవాళ్ళ చేతిలో బాగానే ఓడిపోయాం. మాస్టారు కాగితం మీద రాసి మా రెండు టీముల చేతా సంతకం పెట్టించాడు. ఆరు టీములు ఆరుగానే ఉన్నాయి.

ఆ తర్వాత రెండు వ్యాన్లు వచ్చాయి. నన్ను, గిస్లేన్‌ని, మాస్టారిని, మొత్తం తొమ్మిదిమందిని ఎక్కించారు. మాస్టారి విజిల్‌ని సాక్ష్యమని లాక్కున్నారు. స్టేషన్‌లో ఆయన పళ్ళు రెండు రాలగొట్టారు. డెబ్బై ఏళ్ళ మనిషి.

బుధవారం ఫిర్మిన్ నన్ను చూడ్డానికి జైలుకొచ్చాడు. ఇనుప జాలీకి అవతల నిలబడ్డాడు.

"సోమవారం వాడు మీ షెడ్డుకొచ్చాడు," అన్నాడు. "స్తంభాన్ని మూడుసార్లు కొట్టాడు."

"ఎంతమంది తీశారు?"

"ఎవరూ తియ్యలేదు. కత్తులు ఆడుతూనే ఉన్నాయట. వాడు కాసేపు అలాగే నిలబడ్డాడట."

"తర్వాత?"

"నాలుగోసారి కొట్టాడు," అన్నాడు ఫిర్మిన్.

పదహారేళ్ళలో నేనెప్పుడూ నాలుగో చప్పుడు వినలేదు. అసలు అలాంటిదొకటి ఉంటుందని మాకెవరికీ తెలియదు.