మంచం పక్క హాజరు

పొద్దున్నే దుకాణం తలుపు తీయకముందు పటాలాయన చేసే మొదటి పని చెత్త ఊడ్చడం. చీపురుతో కాదు, కంప్యూటరు ముందు కూర్చుని. తెల్లారేసరికి ఆయన నడిపే చర్చావేదిక నిండా బూట్ల బేరాలు, పూచీ అక్కర్లేని అప్పులు, బట్టతల మీద జుట్టు మొలిపించే నూనెలు పుట్టుకొచ్చేవి. అవి రాసేది మనుషులు కాదు. మనిషి పేరు తగిలించుకుని, మర్యాదగా నమస్కారం పెట్టి, నాలుగు ముక్కలు రాసి, కింద ఓ లింకు అంటించి పోయే యంత్రాలు. బాట్లంటారట. ఆయన భార్య మాత్రం దొంగపీనుగలని పేరు పెట్టింది.

ఫొటోలకు పటాలు కట్టడం ఆయన వృత్తి. ముందు గది దుకాణం, వెనక గది కాపురం. ఆ వెనక గదిలో, మంచం మీద భార్య. నరాల జబ్బు ముందు కాళ్ళను లాక్కుంది, తర్వాత చేతులను లాక్కుంది. నోరొక్కటే మిగిలింది, అది మాత్రం ఇద్దరి పెట్టు. ఇంటికి ఒక పక్క సిమెంటు గోడౌను, ఇంకో పక్క ఎన్నో ఏళ్ళుగా తాళం వేసిన ఇల్లు. ఆవిడ ఎంత గట్టిగా అరిచినా వినేది ఆయనొక్కడే.

వేదిక పేరు "మంచం పక్క". ఇంట్లో మంచం పట్టిన మనిషిని చూసుకునేవాళ్ళ కోసం ఆయనే పెట్టాడు. నలభై మందికి మించి ఎప్పుడూ లేరు. ఒంటికి పుండు పడకుండా ఎలా చూడాలి, గొంతు దిగని వాళ్ళకు మందెలా పట్టాలి, విసుగొచ్చి కసిరేసి ఆ తర్వాత వెక్కివెక్కి ఏడుపొస్తే ఏం చెయ్యాలి, ఇవీ అక్కడి కబుర్లు. వేరే చోట చెప్పుకుంటే లోకం జాలిపడుతుంది, లేకపోతే పారిపోతుంది. ఇక్కడ ఆ రెండూ లేవు.

హాజరు మొదలుపెట్టింది టీచరమ్మ. బడి ఉద్యోగం అయిపోయాక, చిన్నప్పుడే మంచం పట్టిన తమ్ముణ్ణి చూసుకుంటూ ఉండిపోయిన మనిషి. ఒకరోజు సూటిగా అడిగింది: "వాళ్ళ సంగతి మనం చూస్తున్నాం, సరే. మన సంగతో? రేపు నేను బాత్రూంలో కాలుజారి పడితే మావాడికి గుక్కెడు నీళ్ళెవరిస్తారు?" అప్పుడు ఆవిడే కట్టడి పెట్టింది. పొద్దున్నే అందరూ ఒక ముక్క రాయాలి. ఏదైనా సరే, "ఉన్నాం" అన్నా చాలు. మధ్యాహ్నానికి ఎవరి ముక్క కనబడకపోతే వాళ్ళకు ఫోను చెయ్యాలి. ఎత్తకపోతే దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇంటికి వెళ్ళాలి. ఆ కట్టడి పుణ్యమా అని, షుగరు పడిపోయి గడప దగ్గర సొమ్మసిల్లిన డ్రైవరు బతికాడు. అతను బతకడమంటే మంచాన ఉన్న వాళ్ళమ్మ కూడా బతికినట్టే. లెక్క అలాంటిది అక్కడ, ఒక ప్రాణానికి ఇంకో ప్రాణం కట్టేసి ఉంటుంది.

రోజూ హాజరును భార్యకు చదివి వినిపించేవాడు పటాలాయన. ఆవిడ పళ్ళు తోముతూ, ముఖం తుడుస్తూ చదివేవాడు. ఆవిడకు అదే పేపరు, అదే సినిమా.

"టీచరమ్మ ఏం రాసింది?"

"తమ్ముడు ఇడ్లీ వద్దంటున్నాడట. నెహ్రూ మీద వ్యాసం రాయిస్తానని బెదిరించిందట."

ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. నవ్వు ఎక్కువైతే దగ్గొచ్చేది, దగ్గొస్తే ఆయన లేపి వీపు రాసేవాడు.

అలాంటి చోటికి వచ్చి పడ్డాయి ఈ బాట్లు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా! పుండ్ల గురించి ఒకామె ఏడుస్తూ రాస్తే, దాని కిందే "అద్భుతం! మా బూట్లు చూడండి" అని. ఒకటి తీసేస్తే పది. పటాలాయన ఉపాయం పన్నాడు. కొత్తగా చేరేవాళ్ళకు ఒక ప్రశ్న పెట్టాడు: మంచాన ఉన్న మనిషిని ఎంతసేపటికోసారి పక్కకు తిప్పాలి? ఈ పని చేసే ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా చెబుతారు, రెండు గంటలకోసారి అని. వారం తిరక్కుండానే బాట్లు ఆ జవాబు కూడా నేర్చేసుకున్నాయి. నేర్చుకోనిది ఒక్క నిజం మనిషే. ఆ వారమే తండ్రికి పక్షవాతం వచ్చిన కుర్రాడొకడు, పాపం, ఏమీ తెలియకే కదా అడగడానికి వచ్చింది! తప్పు రాశాడు, తలుపు మూసుకుంది. మళ్ళీ రాలేదు.

దాంతో విసుగెత్తి కొత్తవాళ్ళకు తలుపులు మొత్తం మూసేశాడు. ఇక లోపల ఉన్నదంతా మనవాళ్ళే అనుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాడు. అక్కడే బోల్తా పడ్డాడు.

ఒకరోజు పొద్దున చదువుతుంటే భార్య ఆపింది.

"ఏమండీ, తమ్ముడికి గాలి పరుపు వచ్చిందని టీచరమ్మ ముందే చెప్పింది కదా?"

"ఇంకోటి కొని ఉంటుందిలే."

"ఒక్క మనిషికి రెండు పరుపులా?"

"చిల్లు పడిందేమో. నీకెందుకే, కందకు లేని దురద కత్తిపీటకా?"

ఆవిడ ఊరుకుంది. రెండు మూడు రోజులు పోయాక మళ్ళీ అంది. "ఎండ మండిపోతోందని రాసిందేంటండీ? బయట చినుకులు కదా?"

"వాళ్ళ ఊళ్ళో ఎండేమో."

"నేను పడుకుని వినేదాన్ని కాబట్టి నా మాటంటే లెక్కలేదు మీకు."

"అబ్బా, నీకో దండం! చెయ్యాల్సిన పని ఎంతుందో చూస్తున్నావా?"

నిజంగానే అంత పనుంది. దుకాణంలో అద్దాలు కోయాల్సినవి గోడకు ఆనించి ఉన్నాయి. హాజరులో టీచరమ్మ పేరు ఉందా, ఉంది. పేరు కనబడితే సరే అని ముందుకు పోయేవాడు. కట్టడి ప్రకారం చూడాల్సింది అదే కదా. మిగతావాళ్ళూ అదే చేశారు. పేరు ఉంది, మనిషి ఉంది. అంతే అనుకున్నారు.

ఆ వారమే, పొద్దుటి హాజరులో టీచరమ్మ పేరు కింద రెండు ముక్కలు. మొదటిది: తమ్ముడు ఇడ్లీ వద్దంటున్నాడు, నెహ్రూ మీద వ్యాసం రాయిస్తానని బెదిరించాను. దాని కిందే రెండోది: పూచీ లేకుండా తక్షణం అప్పు, ఇక్కడ నొక్కండి.

పటాలాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. పాత పేజీలు తిరగేశాడు. గాలి పరుపు కిందటేడాది మాట. ఎండ కిందటేడాది మాట. ఎవడో ఆవిడ పాస్‌వర్డు కొట్టేసి, బాటును లోపలికి తోలాడు. అది ఎవరికీ అనుమానం రాకుండా ఆవిడ పాత ముక్కలనే రోజుకొకటి చొప్పున తిరిగి అంటిస్తూ వచ్చింది. నమ్మకం కుదిరాక బేరం మొదలుపెట్టింది. మరి ఆవిడ అది చూసి ఒక్కసారైనా కాదనలేదేం?

టీచరమ్మకు ఫోను చేశాడు. స్విచ్ఛాఫ్. ఆవిడ ఊరివాడే డ్రైవరు, అతనికి చేశాడు. "ఒక్కసారి వెళ్ళి చూడు నాయనా, కాస్త తొందరగా."

మధ్యాహ్నం డ్రైవరు ఫోను వచ్చింది.

"అన్నా, తలుపు పగలగొట్టించాం. అక్క వంటింట్లో పడిపోయి ఉంది. గుండెపోటు అంటున్నారు. చాలా రోజులైందంట."

"తమ్ముడు?"

"మంచం మీదే అన్నా. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. నీళ్ళ సీసా కింద దొర్లి ఉంది, అందలేదు. ముందు పోయింది అక్కేనంట. పక్కింటివాళ్ళు వాసనొస్తే కాలవ అనుకున్నారంట. నేను రోజూ ఆ వీధిలోంచే బండి తోలుకుపోతున్నా అన్నా. పొద్దున పేరు చూశాను కదా అని, ఆగలేదు."

పటాలాయన వెనక గదిలోకి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఏదీ దాచలేదు. 'నేను చెప్తూనే ఉన్నాను' అని ఆవిడ అంటుందని ఎదురుచూశాడు. అంటే బాగుండును, తిడితే ఇంకా బాగుండును.

"పిలిచే ఉంటాడండీ," అంది ఆవిడ. "అక్కా అక్కా అని. ఎంతసేపు పిలిచాడో."

ఆయన మంచం కోడు పట్టుకుని కింద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కన్నీళ్ళు తుడవడానికి ఆవిడకు చేతులు లేవలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అందరి పాస్‌వర్డులూ మార్పించాడు. ఏం లాభం? హాజరులో "ఉన్నాం" అని ఎవరు రాసినా ఇక ఒకరినొకరు నమ్మలేదు. "నువ్వు నువ్వేనా?" అని అడుక్కున్నారు. రోజూ నలభై ఇళ్ళకు ఫోన్లు చేద్దామనుకున్నారు, నాలుగు రోజులు చేశారు. పేషెంటుకు పక్క మారుస్తుంటే ఫోను, అన్నం పెడుతుంటే ఫోను. ఎత్తకపోతే ఇటువాళ్ళకు గుండె దడ. ఒక్కొక్కరే మానుకున్నారు. "నాకిక చేతకాదన్నా, క్షమించు," అని డ్రైవరూ వెళ్ళిపోయాడు. టీచరమ్మకు నివాళి అని పెట్టిన పేజీలో మనుషులు రాసింది పది ముక్కలు. దాని కింద, "మంచి విషయం చెప్పారు, ఇలాంటివి మరిన్ని పంచండి" అని కుప్పలు తెప్పలు. అవి ఏ పాత సభ్యుల పేర్లతో వచ్చాయో చూసే ఓపిక కూడా ఆయనకు పోయింది.

మళ్ళీ తలుపులు తెరిచాడు, కొత్త మనిషి ఒక్కడైనా రాకపోతాడా అని.

వానాకాలం పోయింది. ఒక పొద్దున ఆయన భార్య ముఖం తుడుస్తుంటే ఆవిడ అడిగింది.

"ఏమండీ, మీరు పడితే?"

ఆయన తుడవడం ఆపలేదు. "నాకేమవుతుంది, గుండ్రాయిలా ఉన్నాను."

"టీచరమ్మ కూడా అలాగే ఉండేది."

తువ్వాలు పిండి ఆరేసి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. హాజరు పేజీ తీశాడు. నిన్నటి ముక్క ఆయనదే, మొన్నటిదీ ఆయనదే. "ఇక్కడ ఇద్దరం ఉన్నాం," అని రాశాడు. రాసి, లేవకుండా అక్కడే కూర్చున్నాడు. కాసేపటికి కింద ఒక జవాబు వచ్చింది. ఏదో తెలియని పేరు. "చాలా ఉపయోగకరమైన సమాచారం. ధన్యవాదాలు."

"ఎవరైనా పలికారా?" వెనక గదిలోంచి అడిగింది.

"పలికారు."

"ఎవరండీ?"

"ఎవరో కొత్తాయన."

"అయ్యో పాపం. వాళ్ళింట్లో ఎవరికట?"

ఆయన తెర వైపు చూశాడు. "ఇంకా చెప్పలేదు."

"చెప్తాడులెండి, కొత్త కదా. మీరే ముందు పలకరించండి."

ఆయన లేచి లోపలికి వచ్చాడు. రెండు గంటలైంది. ఒక చెయ్యి ఆవిడ భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి, మెల్లగా పక్కకు తిప్పాడు.