పూజ కాని మాంసం

ఆ బిషప్పు మీద నా కోపం నేను చచ్చేదాకా పోదు. పుణ్యాత్ముడే, కాదనను. గ్రీకుల నోట్లో ఉన్న దేవుడి మాటను మా గోతు భాషలోకి తెచ్చాడు. తెచ్చి, తాను డాన్యూబు నది దాటి రోము రాజ్యంలో చల్లగా కూర్చున్నాడు. మేము ఇవతలి ఒడ్డున మిగిలాం.

మా ఆయన హునిలకు చదువు రాదు. గ్రీకులో ప్రార్థన జరిగినన్నాళ్లూ గోడకానుకుని గుర్రు పెట్టేవాడు. మా భాషలో చదవడం మొదలయ్యాక ఆ మాటలే దున్నుతూ కూడా వల్లెవేసేవాడు. ఆ గుర్రే నయం.

ఆ చలికాలం మా తెగ నాయకుడి మనుషులు కొయ్యదేవుణ్ణి బండెక్కించి ఊరూరా తిప్పారు. బలి మాంసం తినని క్రీస్తువాళ్లను చంపమని ఆజ్ఞ. మా ఊరివాళ్లు దేవుడు వేరైనా మమ్మల్ని కడుపులో పెట్టుకున్నారు. బలివ్వని మాంసం వేరే కుండలో వండి మాకు వడ్డిస్తామన్నారు. ఊరిపెద్ద తంకిల నాకు మేనమామ. ముందురోజే వచ్చి మా ఆయన్ని బతిమాలాడు.

"అది పూజ కాని మాంసంరా అల్లుడూ. మీ దేవుడికి కోపం రాదు, మా దేవుడికి తెలీదు. నోరు మూసుకుని తిను."

"నోరు మూసుకుని ఎలా తింటాను మామయ్యా?" అని నవ్వాడు.

నవ్వాడు కదా, ఒప్పుకున్నాడనుకున్నాను. ఆయన బతికితే చాలు నాకు, ఏ దేవుడైతేనేం.

బండి మా వాకిట్లో ఆగింది. ఆయన ముక్క నోటిదాకా తెచ్చి, కింద పెట్టేశాడు. అది బలి మాంసం కాదని, తాను క్రీస్తువాణ్ణని, తనకోసం ఊరు అబద్ధమాడుతోందని చెప్పేశాడు. ఆయన దున్నుతూ వల్లెవేసిన మాటల్లో ఒకటి అది: మనుషుల ముందు తనను ఎరగనన్నవాణ్ణి తానూ ఎరగనంటాడట ఆ దేవుడు. తంకిల మామను కొరడాలతో కొట్టారు. మా ఆయన మెడకు దుంగ కట్టి ఏట్లో ముంచారు.

మంచు కరిగాక బిషప్పు పంపగా మెరిల అనే గురువు వచ్చాడు. మా ఆయన ఎముకలు కావాలట, దేవుడికోసం ప్రాణమిచ్చినవాడని గుడిలో పెట్టుకుంటారట. మాటల్లో బిషప్పు ముందుచూపును పొగిడాడు. దేవుడి పుస్తకంలో రాజుల యుద్ధాల భాగం మాత్రం ఆయన మా భాషలోకి తేలేదట. అసలే మావాళ్లకు కొట్లాట పిచ్చి, అది వింటే మరీ రెచ్చిపోతారని.

"అంటే మాకు చేటు చేసేది వదిలెయ్యొచ్చన్నమాట," అన్నాను.

"మీ మేలుకోసమే కదమ్మా."

"మరి మా ఆయన్ని చంపిన ఆ ఒక్క మాట కూడా వదిలెయ్యలేకపోయాడా అయ్యా?"

మెరిల కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన గొణిగాడు. గ్రీకులో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.