లైటింగ్ మాస్టారు, లెట్యూస్ మొక్కలు

లైటింగ్ మాస్టారికి గర్వమంటూ ఉన్నది ఒక్క వెలుగు విషయంలోనే. మిగతా వాటిల్లో ఎంత చెబితే అంత. చొక్కా తిరగేసి వేసుకుని బయల్దేరతాడు, వీధి చివర ఎవరైనా చెబితే నవ్వేసి అక్కడే సరిచేసుకుంటాడు. మాస్టారంటే తల నెరిసినవాడనుకునేరు, పెళ్లయి ఏడాదైనా కాలేదు. నాటకశాలలో దీపాలు చూసుకుంటాడు కాబట్టి అక్కడ అందరూ మాస్టారన్నారు. భార్య వేళాకోళానికి మొదలుపెట్టి ఇంట్లోనూ అదే పిలుపు ఖాయం చేసింది.

ఆ భార్య పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలు. పొద్దస్తమానం ఎవరో ఒకరి నోట్లోకి దీపం సరిచేసి పట్టుకోవడమే ఆమె పని. అంటే ఒక ఇంట్లో ఇద్దరు దీపాలవాళ్లన్నమాట. ఆ సంగతి మొదట్లో ఇద్దరికీ తట్టలేదు.

వాళ్లుంటున్న ఫ్లాటు ఆమె పిన్నిది. ఆమెను పెంచి పెద్దచేసింది ఆ పిన్నే. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. ఒక ఆదివారం వీళ్లకోసం కుట్టిన కర్టెన్లు తెచ్చి సోఫా మీద పడేసి, "దుకాణం మూసేస్తున్నానే. ఇక ఓపిక లేదు. మిషనూ బొమ్మలూ మీ కిటికీ లేని గదిలో పెట్టుకుంటా," అంది.

బొమ్మలంటే బట్టలు తొడిగి చూసుకునే తల లేని బొమ్మలు. భార్య ముఖం చిన్నబోయింది. ఆ గది మీద ఆమె ఎప్పుడో కన్నేసింది. మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్లలో లెట్యూస్ అనే, పచ్చిగానే తినే ఆకుకూర పెంచాలని ఆశ. ఇంట్లో ఏ కిటికీ తీసినా ఎదురింటి గోడే కనబడుతుంది. పని నుంచి అలిసి వచ్చాక పచ్చగా ఉన్నదేదైనా ఒకటి చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది.

"మట్టి లేదు, ఎండ లేదు. ఇక ఆ మొక్కలకి ఏముందే అక్కడ, నీ మొండితనం తప్ప?" అంది పిన్ని. "నీ చేతిలో బ్రహ్మజెముడే బతకలేదు."

"అప్పుడు చిన్నపిల్లని పిన్నీ."

"ఇప్పుడు కొత్తగా వచ్చిన జ్ఞానమేదో చూద్దాం అయితే. దుకాణం ఖాళీ చెయ్యడానికి నాకు రెండు నెలలు టైముంది. ఆలోపు ఒక్క ప్లేటు ఆకులు కోసి నాకు పెట్టు, గది నీది. లేదంటే నా బొమ్మలొచ్చి నిలబడతాయి."

"దీపాల సంగతి నాకొదిలెయ్యండి అత్తయ్యా," అన్నాడు మాస్టారు, ఎవరూ అడక్కుండానే.

పిన్ని వెళ్లాక కర్టెన్లు తగిలిస్తుంటే అంచు కుట్టు వంకరటింకరగా పోవడం అతని కంటబడింది. అత్తయ్య కుట్టు ఇలా ఉండదే అనుకున్నాడు. కానీ బుర్రనిండా దీపాలు వెలుగుతున్నవాడికి కర్టెన్లతో ఏం పని?

మర్నాడు ఇద్దరూ దీపాల దుకాణానికి వెళ్లారు. దుకాణదారు పలకలాంటి తెల్లటి ఎల్‌ఈడీ దీపం ఒకటి తీసి, మొక్కలకి అందరూ ఇదే కొంటున్నారన్నాడు. మాస్టారు దాన్ని వెలిగించి, దాని కింద తన చెయ్యి పెట్టి చూసుకుని, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"దీని కింద గులాబీ పెట్టినా జ్వరం వచ్చినట్టు ఉంటుంది."

"మా క్లినిక్‌లో దీపంలా ఉంది. నాకు బానే ఉంది," అంది భార్య.

"అందుకే మీ క్లినిక్‌కి ఎవరూ నవ్వుతూ రారు."

ఆమె పకపకా నవ్వేసి ఊరుకుంది. వెలుగు అతని శాఖ, నీళ్లు ఆమె శాఖ అని అప్పటికే పంచుకున్నారు మరి.

మాస్టారు నాటకశాల గోదాములో మూలపడ్డ దీపాలు అడిగి తెచ్చాడు. ఎడమ పక్కనుంచి తేనె రంగు, వెనకనుంచి లేత నీలం, వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ ఒక మీట. మొలకలొచ్చిన రోజున భార్యను కళ్లు మూసి తీసుకెళ్లి, మీట మెల్లమెల్లగా తిప్పాడు. చీకట్లోంచి చిట్టి ఆకులు ఒక్కొక్కటే బంగారు అంచులతో తేలాయి. లెట్యూస్ మొలకలు కావవి, అంతఃపురం నుంచి అప్పుడే బయటికొచ్చిన రాణులు. భార్య చప్పట్లు కొట్టింది. పక్కింటివాళ్లు చూడ్డానికొచ్చి గుసగుసగా మాట్లాడుకున్నారు. మాస్టారు ఆ వారమంతా నేలమీద నడిస్తే ఒట్టు.

తర్వాత రాణులు సాగడం మొదలుపెట్టారు. ఆకు వెడల్పు కాదు, కాడ పొడుగైంది. తెల్లగా, సన్నగా, అన్నీ ఎడమవైపుకి మెడలు చాచాయి.

"ఇవి మొక్కలా, నూలుపోగులా?" అంది భార్య.

మాస్టారు ఇంకో నీలం దీపం తగిలించాడు. అవి మరింత అందంగా ఒకదానిమీద ఒకటి వాలిపోయాయి. అతనికి నిజంగా భయం పట్టుకుంది. వచ్చిందే ఒక్క విద్య, అదీ బెడిసికొట్టింది. కన్ను మూస్తే చాలు, గదినిండా తల లేని బొమ్మలు నిలబడ్డట్టు కలలు.

ఒక సాయంత్రం ఆమె క్లినిక్ నుంచి తొందరగా వచ్చింది. మాస్టారు ఆ గదిలోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, మీట మీద చెయ్యివేసి, వెలుగును ముద్దుచేస్తున్నట్టు తగ్గించి తగ్గించి పూర్తిగా చీకటి చేసి, తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

"ఇప్పుడేం చేశావు?" అంది వెనకనుంచి.

"దీపాలు దించాను."

"ఎందుకు?"

"గదిలో ఎవరూ లేరుగా."

"మళ్లీ ఎప్పుడు వెలిగిస్తావు?"

"ఎవరైనా చూడ్డానికొచ్చినప్పుడు." ఖాళీ హాలులో దీపం వెలగనివ్వకూడదన్నది అతను పనిలో చేరిన రోజున నేర్చిన మొదటి పాఠం.

ఆమె సంచి కింద పడేసి, తనూ నేలమీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అతనికి ఇంకా అర్థం కాలేదు. అయినా ఆమె నవ్వుతుంటే ఊరుకోలేక తనూ నవ్వడం మొదలుపెట్టాడు. ఇద్దరూ గుమ్మంలో ఒకరినొకరు పట్టుకుని ఊగిపోయారు.

"మాస్టారూ," అంది ఊపిరి తిప్పుకుని, "మా దీపం నోటికోసం. ఎదురుగా నిలబడ్డవాళ్లకి అందంగా ఉందా లేదా అని మేం చూడం. నెత్తిమీద, దగ్గరగా, తెల్లగా, పనయ్యేదాకా. అంతే."

"అంటే ఇవి నటులు కావా?"

"ప్రేక్షకులనుకో. వెలుగు చూడాల్సింది అవి, మనం కాదు."

మాస్టారు తలుపువైపు చూసి నాలుక కరుచుకున్నాడు. "ప్రేక్షకుల్ని చీకట్లో కూర్చోబెట్టడమేగా నా ఉద్యోగం," అన్నాడు. ఇద్దరికీ మళ్లీ నవ్వు ముంచుకొచ్చింది.

ఆ రాత్రే మళ్లీ విత్తనాలు వేశారు. తెల్లారి జ్వరంలాంటి ఆ తెల్లదీపమే కొనుక్కొచ్చి, మొలకలకి జానెడు పైన వేలాడదీశారు. పొద్దున లేవగానే వెలిగించి, పడుకునేముందు ఆర్పడం. నడుమ మాస్టారి చెయ్యి ఊరుకోదని తెలిసి, ఆమె స్విచ్చు మీద కాగితం అతికించి "నోరు తెరిచి ఉంచండి" అని రాసింది. గది చూడ్డానికి పరమ వికారంగా తయారైంది. ఆకులు మాత్రం పొట్టిగా, వెడల్పుగా, ముడతలు ముడతలుగా విచ్చుకున్నాయి. మాస్టారు రోజూ పొద్దున్నే ఒక ఆకుకి అరచెయ్యి ఆనించి కొలిచి, వంటింట్లోకి పరుగెత్తి ఆ అరచెయ్యి భార్యకి చూపించేవాడు.

గడువు రోజున పిన్ని వచ్చింది. తేనె రంగు దీపం ఒక్క నిమిషం పెడదామా అని మాస్టారు ప్రాధేయపడ్డాడు. భార్య కళ్లతోనే వద్దంది. పిన్ని ఎదురుగానే ఆకులు కోసి ప్లేటులో పెట్టారు. నిండీ నిండని ప్లేటే, కానీ ప్లేటే. పిన్ని ఒక ఆకు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"ఆకే," అంది చివరికి. "గది నీదేనే."

భార్య ఎగిరి గంతేసి పిన్ని మెడ చుట్టూ చేతులేసింది. పిన్ని మాత్రం ఆ దీపం కిందనుంచి కదల్లేదు. తన వేళ్లవైపే చూసుకుంటోంది. తర్వాత చేతిసంచిలోంచి సూదీ దారం తీసి, ఆ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. దారం ఒక్క వేటులో సూదిలోకి దూరింది.

ఆమె సూదిని అలాగే పట్టుకుని నిలబడింది. "ఇక్కడ కనిపిస్తోందే," అంది మెల్లగా. "దుకాణంలో ఎన్ని బల్బులు మార్చానో. ఓపిక లేక మూయట్లేదే నేను. కళ్లు ఆనక."

మాస్టారికి కర్టెన్ల వంకర కుట్టు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ముఖాలు అందంగా కనబడే వెలుగు వెతికాడు, ఒక ముఖం ఇలా విప్పారడం మాత్రం ఎన్నడూ చూడలేదు. వెళ్లి వంటింట్లో స్టూలు తెచ్చి వేశాడు.

వారం తిరక్కుండా కుట్టుమిషనూ దాని పక్కన తల లేని బొమ్మా గదిలోకి వచ్చాయి. భార్యే వెళ్లి తెచ్చింది. బొమ్మ భుజం మీద నీళ్ల పైపు ఆనించుకోవడానికి చక్కగా కుదిరింది. తొలిరోజు పిన్నిని దీపం కింద కూర్చోబెట్టి, ఇద్దరూ బయటికి వచ్చారు. గుమ్మం దాటుతుంటే మాస్టారి చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోయింది.

"ఆర్పకు నాయనా," అంది పిన్ని, మొక్కల మధ్యనుంచి తలెత్తకుండానే. "మేమింకా ఇక్కడే ఉన్నాం."